అలసిన చేతి కదలికల్లో పెరిగే తేడాలు: పట్టు తప్పడమా, సర్దుబాటా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. ఫిజియోథెరపీ పీజీ థీసిస్ కోసం మీరు ఆసు పోసే పనిని (చేనేతలో నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టే పనిని) ప్రయోగశాలలో అనుకరించారు. పాల్గొన్నవారి చేత భుజం ఎత్తులో చేతిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, ఇక చేయలేమనే దాకా చేయించారు. అలసట పెరిగేకొద్దీ భుజం, నడుము కదలికల ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంతగా చెదిరాయో చెప్పే కొలత) పెరిగింది గానీ, వేలికొన మాత్రం దాదాపు మొదట్లో లాగే గురిని తాకుతూ వచ్చింది. "అలసట వల్ల కదలికపై నియంత్రణ తగ్గింది" అని రాయమని మీ గైడ్ గారు అంటున్నారు, మీకేమో ఆ వాక్యం రాయడానికి చేయి రావడం లేదు. మీ సందేహమే సరైనదని నా అభిప్రాయం. అయితే గైడ్ గారి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో మీ డేటా నుంచే తేల్చుకోవచ్చు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, వాడే పదం గురించి ఒక మాట. ఒకే పనిని పదే పదే చేసినప్పుడు ఒకసారికీ మరోసారికీ వచ్చే మార్పును కొందరు తెలుగులో "అస్థిరత" అని రాస్తున్నారు. ఆ మాట వాడిన క్షణంలోనే తీర్పు ఇచ్చేసినట్టవుతుంది. "తేడా" అన్నా చిక్కే, ఎందుకంటే మన వాడుకలో "ఏదో తేడాగా ఉంది" అంటే ఏదో చెడిందనే అర్థం. నేను "వైవిధ్యం" అంటాను, అక్కడక్కడ "హెచ్చుతగ్గులు" అంటాను. రెండింటిలోనూ మంచిచెడ్డల ప్రస్తావన లేదు, ఉండకూడదు కూడా.

మీరు ఆసును ఎంచుకోవడం బాగుంది. పోచంపల్లి తరహా చీరలకు నూలును రంగులద్దే ముందు ఒక వైపున్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా, మళ్లీ వెనక్కి, చేత్తో చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఇలా తిరగాలని, అందుకు నాలుగైదు గంటలు పడుతుందని చెబుతారు. అంటే నిమిషానికి 30 నుంచి 40 సార్లు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేకే ఈ పనికి యంత్రం తయారు చేయడానికి పూనుకున్నారు. 1999లో అది పూర్తయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ ప్రశ్నకు సంబంధించినంతవరకు ఈ పనిలో గమనించవలసింది మరొకటి ఉంది. నూలు ఏ మేకుకు పడాలో ఆ మేకుకే పడాలి, ఒక్కటి తప్పినా ఆ తర్వాత వేసే డిజైన్ చెదురుతుంది. అంటే చేతి చివర ఎక్కడుండాలన్న విషయంలో ఈ పని ఏమాత్రం వెసులుబాటు ఇవ్వదు. శరీరానికి ఉన్న వెసులుబాటంతా భుజంలో, మోచేతిలో, నడుములో, నిలబడే లేక కూర్చునే తీరులోనే ఉంది.

అలసట ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. మనిషి బరువులో ఒక చేయి వాటా సుమారు 5 శాతం, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు. దాన్ని చాచి భుజం ఎత్తులో నిలిపితే, దాని గరిమనాభి భుజం కీలుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, చేతిలో దారప్పోగు తప్ప ఏ బరువూ లేకపోయినా భుజం కండరాలు 9 న్యూటన్ మీటర్ల దాకా మెలిబలాన్ని (టార్క్) ఎడతెరిపి లేకుండా భరించాలి. చేయి అటూ ఇటూ ఆడుతోంది కదా, కండరాలకు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది కదా అనిపిస్తుంది. మోచేతిని వంచి చాచే కండరాలకు దొరుకుతుంది. చేతిని పైకెత్తి పట్టుకునే డెల్టాయిడ్‌కు, భుజపుటెముకను నిలిపే ట్రపీజియస్ పైభాగానికి మాత్రం ఆ భాగ్యం లేదు. పైగా కండరంలో మోటార్ యూనిట్లు (ఒక్కో నాడీకణం, అది నడిపే కండర తంతువుల గుంపు) పిలుపందుకునే వరుస ఒకటుంది. 1957లో హెన్నెమన్ చూపినట్టు చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. చిన్న బలమే చాలు అనిపించే పనిలో ఆ చిన్న యూనిట్లే అందరికంటే ముందు లేచి అందరి తర్వాత పడుకుంటాయి. అందుకే 1991లో స్వీడన్ పరిశోధకుడు హెగ్ ఈ భావనకు సిండ్రెల్లా పేరు తగిలించారు. మన ఇళ్లలో అయితే పెద్దకోడలి పేరు పెట్టేవాళ్లమేమో. ఆ యూనిట్లు అలసినకొద్దీ అదే బలం కోసం మరింత పెద్ద యూనిట్లను పిలవాల్సి వస్తుంది. కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఎంజీలో సంకేతపు పరిమాణం పెరగడం మీరు చూసింది ఇందువల్లనే. దాని మధ్యస్థ పౌనఃపున్యం దిగడానికి మాత్రం ముఖ్య కారణం, అలసిన కండర తంతువుల్లో ఆ సంకేతం నెమ్మదిగా ప్రయాణించడం.

గైడ్ గారి మాటలో ఉన్న నిజం ఇక్కడే ఉంది. కండరానికి వెళ్లే ఆదేశం పెద్దదయ్యేకొద్దీ ఆ కండరం ఇచ్చే బలంలో అదుపులేని కదలాట కూడా పెరుగుతుంది. పెద్ద యూనిట్ ఒక్కటి అదనంగా చేరినా, తప్పుకున్నా బలం ఒక్క మెట్టు ఎగిరి దిగినట్టవుతుంది. అలసిన చేతిని చాచి నిలిపితే వేళ్లు వణకడం అందరికీ అనుభవమే. దీన్ని "రొద" అనుకుందాం. మీరు కొలిచిన హెచ్చుతగ్గుల్లో ఈ రొద తప్పకుండా కొంత ఉంటుంది. కానీ అంతా ఇదే అయితే అది వేలికొన దాకా ప్రయాణించాలి, గురి చెదరాలి. మీ వేలికొన చెదరలేదు. అక్కడే మనం ఆగి ఆలోచించాలి.

ఈ చిక్కుముడిని మొట్టమొదట పట్టుకున్నవారు నికోలాయ్ బెర్న్‌స్టైన్. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో, ఉలి మీద సుత్తితో కొట్టే పనివాళ్ల కీళ్లకు చిన్న బల్బులు కట్టి, కదలికలను వేగంగా ఫొటోలు తీసి ఆయన అధ్యయనం చేశారు. ఏళ్ల తరబడి అదే పని చేసినవారి చేతిలో కూడా ఏ రెండు దెబ్బలకూ కీళ్ల దారులు ఒకేలా లేవు. సుత్తి చివర మాత్రం కీళ్ల కంటే నిలకడగా తన చోటికి చేరింది. భుజంలో మూడు, మోచేతిలో ఒకటి, ముంజేతి మెలికలో ఒకటి, మణికట్టులో రెండు అని లెక్కేస్తే చేతిలోనే ఏడు రకాల స్వేచ్ఛ ఉంది. ఒక బిందువును తాకడానికి మూడు చాలు. మిగిలినవి వృథా కాదు, అవే మన నిల్వ.

దీన్ని అంకెల్లో చూస్తే మీ థీసిస్‌కు పనికొస్తుంది. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలే, ఎవరి కొలతలూ కావు. మేకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆ దూరాన్ని కొంత నడుము వంగి, మిగిలినది చేయి చాచి పూర్తి చేయాలి. వరుసగా ఐదు సార్లలో నడుము వాటా 4, 7, 5, 8, 6 అయితే, చేయి వాటా 56, 53, 55, 52, 54. ప్రతిసారీ మొత్తం 60. నడుము ప్రామాణిక విచలనం సుమారు 1.6 సెంటీమీటర్లు, చేతిదీ అంతే, వేలికొనది సున్నా. ఇప్పుడు నడుమును అలాగే ఉంచి చేయి వాటాను 52, 55, 53, 56, 54గా మార్చండి. విడివిడిగా చూస్తే నడుముదీ చేతిదీ అదే 1.6. కానీ మొత్తం 56, 62, 58, 64, 60 అవుతుంది, దాని విచలనం 3.2. మొదటి సందర్భంలో ఒకటి పెరిగితే రెండోది తగ్గి సర్దింది, రెండో సందర్భంలో రెండూ కలిసి పెరిగి, కలిసి తగ్గాయి. కీలు కీలుకూ విడిగా పట్టిక వేసి చూపిస్తే ఈ రెండింటి మధ్య రవ్వంత భేదం కనిపించదు. మీ థీసిస్‌లో ఇప్పుడున్నవి సరిగ్గా అలాంటి పట్టికలే. కీళ్ల మధ్య సహసంబంధాన్ని (ఒకటి మారితే రెండోది ఎటు, ఎంత మారుతుందన్నదాన్ని) లెక్కించనిదే నియంత్రణ పెరిగిందనీ, తగ్గిందనీ అనే హక్కు మనకు లేదు. గణితం తెలిసినవారు దీన్నే గురిని కదపని వైవిధ్యం, గురిని కదిపే వైవిధ్యం అని రెండుగా విడగొడతారు. 1999లో షోల్జ్, షోనర్ ప్రతిపాదించిన పద్ధతి అదే.

చేతి పనుల మీద జరిగిన అధ్యయనాల్లో మీ పనికి అతి దగ్గరివి కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జూలీ కోటే బృందం చేసినవి. 2011లో వెలువడిన అధ్యయనంలో 14 మంది ఆరోగ్యవంతులు భుజం ఎత్తులో, ఒకటి చేయి పొడవుకు సమాన దూరంలో, మరొకటి అందులో 30 శాతం దూరంలో ఉన్న రెండు గురులను మార్చి మార్చి తాకుతూ అలసిపోయే దాకా చేశారు. బోర్గ్ పది పాయింట్ల కొలమానంతో అలసటను అడుగుతూ పోయారు. భుజం, మోచేతి సగటు స్థానాల్లో ఒక చాపుకూ మరో చాపుకూ మధ్య హెచ్చుతగ్గులు అనేక దిశల్లో పెరిగాయి, కీళ్ల కదలిక మేర కూడా పెరిగింది. నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచిన విషయం సమయానికి సంబంధించినది: ఈ మార్పులు ఆఖరి నిమిషంలో కుప్పకూలినట్టు రాలేదు, అలసిపోవడానికి పట్టిన కాలంలో సుమారు సగం గడిచేసరికే మొదలయ్యాయి. ట్రపీజియస్ ఈఎంజీ మొదటి స్థాయి నుంచి పెరగడం వాటి తర్వాత కనిపించింది. పట్టు తప్పిన తర్వాత వచ్చే తడబాటు ఇలా ముందుగా రాదు. కోటే, సహ పరిశోధకులు 2002లో వెలువడిన పనిలో రంపంతో కోయడాన్ని పరిశీలించినప్పుడు, అలసిన తర్వాత మోచేతి కదలిక తగ్గింది గానీ, ఆ లోటును ఇతర కీళ్లు పూడ్చడం వల్ల రంపం సాగే మేర తగ్గలేదు.

రొద వాదానికి గట్టి జవాబు వేళ్ల మీద చేసిన మరో ప్రయోగంలో దొరికింది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ బృందం 2010లో ప్రచురించిన పనిలో, నాలుగు వేళ్లతో కలిపి నిర్దేశించిన బలాన్ని నొక్కమని చెప్పి, చూపుడు వేలిని మాత్రమే అలసిపోయేలా చేశారు. తర్వాత చూస్తే అలసిపోని వేళ్ల బలంలో కూడా హెచ్చుతగ్గులు పెరిగాయి, మొత్తం బలం కచ్చితత్వం మాత్రం అంతగా దెబ్బతినలేదు. అలసట అంటే కండరపు రొద మాత్రమే అయితే అలసిపోని వేలిలో వైవిధ్యం ఎందుకు పెరగాలి? దాన్ని పెంచింది కండరం కాదు, నాడీవ్యవస్థ. ఒక భాగస్వామి మీద నమ్మకం తగ్గినప్పుడు మిగిలినవారికి మరింత చొరవ ఇచ్చినట్టుగా ఉంది దాని తీరు.

ఇది కళ్లారా చూడాలంటే ఖరీదైన కెమెరాలు అక్కర్లేదు. గోడ మీద భుజం ఎత్తులో పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, సెకనుకొకసారి చుక్కకూ మీ ఛాతీకీ మధ్య వేలును ఆడించండి, ఎవరినైనా పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి. మొదటి నిమిషంలో మోచేయి ఒక గీతలో నడుస్తుంది. రెండు మూడు నిమిషాలు గడిచేసరికి భుజం చెవి వైపు పాకుతుంది, ఒకసారి మోచేయి కిందికి వాలుతుంది, ఇంకోసారి ఒళ్లంతా అవతలి పక్కకు ఒరిగి చేతిని మోస్తుంది, మరోసారి మడమ లేస్తుంది. ఇవేవీ మీరు తలచి చేసినవి కావు. వీడియో చూసేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు. అంతసేపూ వేలు చుక్క మీదే పడుతుంటుంది.

ఇక కొలిచే పద్ధతి. మీ డేటాలో నాకు అసలు భయం ఇక్కడే. పై లెక్కలోని చేయి వాటాను 56, 55, 54, 53, 52 అని రాసి చూడండి. దీని ప్రామాణిక విచలనం కూడా అదే 1.6. కానీ ఇది హెచ్చుతగ్గు కాదు, ఒకే దిశలో నెమ్మదిగా జారడం. అలసట వల్ల భుజం మెల్లగా పైకి పోవడం, నడుము మెల్లగా ఒరగడం సహజం కాబట్టి, నిమిషం మొత్తాన్ని ఒక ముద్దగా తీసుకుని విచలనం లెక్కిస్తే ఆ జారుడంతా వైవిధ్యం ఖాతాలో పడిపోతుంది. దీనికి తేలికైన మందు వరుస చక్రాల (చేయి ఒకసారి వెళ్లి రావడం ఒక చక్రం) మధ్య తేడాలు తీయడం: జారుడులో అవి 1, 1, 1, 1, మొదటి ఉదాహరణలో 3, 2, 3, 2. విచలనం ఒకటే అయినా కథలు వేరు. రెండింటినీ విడివిడిగా ఇవ్వండి, జారుడును భంగిమలో వచ్చిన మార్పుగా, మిగిలిన దాన్ని వైవిధ్యంగా. విచలనాన్ని సగటుతో భాగిస్తే వచ్చే గుణకాన్ని మాత్రం ఇక్కడ నమ్మవద్దు. కదలిక మేర తానే మారుతున్నప్పుడు హారం కదిలిపోయి, ఏది పెరిగిందో ఏది తగ్గిందో తెలియకుండా పోతుంది. హెచ్చుతగ్గుల్లో క్రమం ఎంత ఉందో చూసే ఎంట్రోపీ లాంటి లెక్కలకు మీ దగ్గరున్న చక్రాలు చాలవు. గైడ్ గారు అడిగినా సున్నితంగా తప్పించుకోండి.

అలసటను ఎలా నిర్ధారించారన్నది కూడా ఒక వాక్యంలో రాయాలి. పని ఆపిన తర్వాత గరిష్ఠ బలాన్ని మాత్రమే కొలిచి, పది నిమిషాల్లో మామూలైంది కాబట్టి అలసట తీరిందని అనుకోవద్దు. కండరాన్ని విద్యుత్‌తో తక్కువ పౌనఃపున్యంలో ప్రేరేపించినప్పుడు మాత్రమే బయటపడే అలసట గంటల తరబడి, ఒక్కోసారి మరునాటి దాకా నిలుస్తుంది. రోజూ చేసే చేతి పనులు నడిచేది సరిగ్గా ఆ తక్కువ పౌనఃపున్యాల్లోనే. ఒకే రోజు రెండు విడతలు చేయించి ఉంటే రెండో విడత తాజాగా మొదలైనట్టు లెక్కించడం తప్పు.

చివరగా, వైవిధ్యం తక్కువగా ఉంటే మంచిదన్న నమ్మకం గురించి. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో మాడెలీన్, సహ పరిశోధకులు 2008లో ప్రచురించిన పనిలో, ఆరోగ్యవంతుల భుజంలో ప్రయోగపూర్వకంగా తాత్కాలిక నొప్పి కలిగించినప్పుడు పునరావృత చేతి కదలికల్లో వైవిధ్యం పెరిగింది. మెడ, భుజం నొప్పి దీర్ఘకాలంగా ఉన్నవారిలో అది తగ్గింది. కొత్తగా నొప్పి వచ్చినప్పుడు శరీరం వేరే దారులు వెతుకుతుందని, నొప్పి పాతబడినప్పుడు ఒకే ఇరుకు దారిలో బిగుసుకుపోతుందని దీన్ని చదవవచ్చు. అయితే తక్కువ వైవిధ్యం వల్ల నొప్పి స్థిరపడిందా, నొప్పి స్థిరపడ్డాక వైవిధ్యం తగ్గిందా అన్నది ఇలాంటి అధ్యయనం చెప్పజాలదు. కార్యకారణం గురించి మీరు కూడా తొందరపడవద్దు. ఆసు పోసేవారి భుజాల సంగతి పరిశోధించాలనుకుంటే, ముప్పై ఏళ్లుగా పోసి నొప్పి లేనివారినీ, నొప్పి ఉన్నవారినీ పక్కపక్కన పెట్టి చూడండి. కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఆసు పోసేవారి గురించి చెప్పేది పరిమితమే.

మీ థీసిస్ ముగింపులో నేనైతే ఇలా రాస్తాను: "అలసట పెరిగేకొద్దీ భుజం, నడుము కదలికల్లో చక్రం నుంచి చక్రానికి వైవిధ్యం పెరిగింది, వేలికొన వైవిధ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు, కీళ్ల మధ్య పరస్పర సర్దుబాటు ఇందుకు తోడ్పడి ఉండవచ్చు." ఆ మూడో భాగాన్ని సహసంబంధాల లెక్క పూర్తయ్యాకే ఉంచండి. లెక్కలో భుజం, నడుము ఒకదానికొకటి ఎదురుగా కాక కలిసి కదులుతున్నట్టు తేలితే, అప్పుడు గైడ్ గారి వాక్యానికి బలం వస్తుంది, మోచేయో మణికట్టో ఆఖరి క్షణంలో సర్దుతోందేమో చూడాల్సి వస్తుంది. మోచేతి మార్కర్ (కదలికను కెమెరా గుర్తించడానికి అతికించే బిళ్ల) డేటా కొంత పోయిందని రాశారు కదా. మొదటి నిమిషానిదీ, ఆఖరి నిమిషానిదీ పోకుండా ఉంటే చాలు, ఈ లెక్కకు ఆ రెండే ముఖ్యం. మధ్యలోవి దొరికితే మార్పు ఎప్పుడు మొదలైందో కూడా చూపగలుగుతారు.